గుమ్మం దాటిన ఆరోగ్యం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను మాట్లాడబోయేది ఆరోగ్యం గురించి. “మళ్ళీ ఆరోగ్యమేనా? ఆకుకూరలు తినండి, నీళ్ళు కాచి తాగండి అనేగా చెప్తారు!” అని విసుక్కోకండి. ఆ సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు. ఇంట్లో ఎవరికి ఏది పడుతుందో, ఏది పడదో, ఏ పిల్లవాడి ఒళ్ళు రాత్రి వెచ్చబడిందో, ఎవరి మాత్రలు అయిపోవచ్చాయో ఇల్లాలికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుచేత నేను మన ఇంటిలోపలి ఆరోగ్యం జోలికి పోవడంలేదు. మన గుమ్మం దాటిన ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్తాను.

కొన్ని జబ్బులున్నాయి. వాటికి మన పథ్యం మనం చేసుకుంటే చాలు. పక్కింటావిడ జిలేబీ తిన్నంతమాత్రాన మన షుగరు పెరగదు. మరికొన్ని జబ్బులున్నాయి. వాటి దగ్గర మన ఒక్కరి పథ్యం ఎందుకూ కొరగాదు. మనం ఇల్లు అద్దంలా తుడుచుకుంటాం, గిన్నెలు తళతళ మెరిసేలా తోముకుంటాం. వెనక ఖాళీ స్థలంలో పడివున్న పాత టైరులో నాలుగు చెంబుల వాననీళ్ళు నిలిస్తే, ఆ దోమ వచ్చి కుట్టేది మన పిల్లవాణ్ణే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటి దోమకు మాత్రం మన నెత్తురే రుచి!

ఇటువంటి జబ్బుల్ని ఒక్క ఇల్లు ఎదుర్కోలేదు. ఒక్క డాక్టరూ ఎదుర్కోలేడు. ఆ మాటకొస్తే ఒక్క ప్రభుత్వం కూడా ఎదుర్కోలేదు. అందరూ చేతులు కలపాలి. “అందరూ కలవాలి” అని సభల్లో అనడం తేలికే. నిజంగా ఎలా కలుస్తారు? కలిసి ఎవరేం చేస్తారు? అదే ఈనాటి ప్రశ్న. దీనికి మన దేశంలోనే, మన కళ్ళముందే జరిగిన గొప్ప ఉదాహరణ ఒకటి వుంది. పోలియో సంగతి.

ఒకప్పుడు ఏ వీధికి వెళ్ళినా కాలు సన్నబడి, చేతికర్ర ఆనించుకుని నడిచే పిల్లవాడు ఒకడైనా కనపడేవాడు. రాత్రి జ్వరంతో పడుకున్న పిల్ల తెల్లవారేసరికి కాలు కదపలేకపోయేది. ఆ తల్లి కడుపుకోత ఇంతా అంతా కాదు. పోలియో క్రిమి మలంలోనుంచి, మురికినీళ్ళలోనుంచి, శుభ్రంగా కడగని చేతులనుంచి పసివాళ్ళ కడుపులోకి చేరుతుంది. వచ్చాక మందు లేదు. రాకుండా కాపాడుకోవడమొక్కటే మార్గం.

ప్రపంచంలో పోలియోను మొత్తంగా నిర్మూలించాలని 1988లో ప్రపంచ దేశాలన్నీ కలిసి తీర్మానించుకున్నాయి. అంతకు మూడేళ్ళ ముందే, 1985లో, రోటరీ క్లబ్బులవారు ఈ పని నెత్తిన వేసుకున్నారు. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆదివారం పూట పిల్లల్ని చంకనెత్తుకుని బడిలోనో, అంగన్‌వాడీలోనో క్యూలో నిలబడి రెండు చుక్కలు వేయించుకొచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే వుంటాయి.

చుక్కలు వున్నాయి, డబ్బు వుంది, డాక్టర్లున్నారు. అయినా జబ్బు ఒక పట్టాన వదల్లేదు. చాలా రాష్ట్రాల్లో తగ్గిపోయింది గాని, ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లోనూ, బీహారులోనూ మొండికేసింది. 2002లో మన దేశంలో 1,600 మంది పిల్లలకు పోలియో వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరప్రదేశ్‌ పిల్లలే.

కారణమేమిటి? చుక్కల సీసా పట్టుకుని వచ్చినవాళ్ళ ముఖంమీదే కొన్ని ఇళ్ళవాళ్ళు తలుపు వేసేశారు. ఈ చుక్కలు వేస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదని ఒక పుకారు పుట్టింది. ముఖ్యంగా పేద ముస్లిం వాడల్లో అది గట్టిగా నాటుకుంది. పుకారు అబద్ధమే. కాని దాని వెనక ఒక నిజమైన బాధ వుంది సుమండీ. ఆ వాడల ఆడవాళ్ళు ఏమనేవారంటే: “మా వీధిలో మురుగుకాలవ లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. పిల్లకు విరేచనాలైతే చూసే నాథుడు లేడు. దేనికీ రాని సర్కారు ఈ రెండు చుక్కలకు మాత్రం ఇన్నిసార్లు గుమ్మంలోకి ఎందుకు వస్తోంది?” అని. న్యాయమైన ప్రశ్నే కదూ? మన గుమ్మంలోకైనా అలా పదేపదే వస్తే మనకీ అనుమానమే వస్తుంది.

అప్పుడు పెద్దలకు ఒక సంగతి బోధపడింది. తలుపు తెరవవలసింది చట్టమూ కాదు, లౌడుస్పీకరూ కాదు, నమ్మకం. నమ్మకాన్ని బయటనుంచి లారీలో తేలేము. అది ఆ వీధిలోనే పుట్టాలి.

అందుకని ఆ వాడల్లోనే వుండే ఆడవాళ్ళను ఎంచుకున్నారు. కొందరు కొద్దోగొప్పో చదువుకున్నవాళ్ళు, కొందరు ఇల్లు దాటి ఎరగనివాళ్ళు. ఒక్కొక్కరికి కొన్ని వందల ఇళ్ళు అప్పగించారు. ఒక రిజిస్టరు ఇచ్చారు. ఏ ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలు ఎంతమంది, ఏ కోడలు గర్భవతి, ఎవరు పుట్టింటికి వెళ్ళారు, ఎవరు ఇటుక బట్టీలకు వలస వెళ్ళారు, అన్నీ అందులో రాసుకోవాలి. పేరంటానికి పిలుపులు వెళ్ళే ఆడవాళ్ళకు ఈ లెక్కలు ఒకరు నేర్పాలా చెప్పండి! యూనిసెఫ్‌వారూ, స్వచ్ఛంద సంస్థలవారూ ఇలాంటి వేలమందికి తర్ఫీదు ఇచ్చారు.

ఇక మిగతావాళ్ళు ఎవరి పని వాళ్ళు అందుకున్నారు. ప్రభుత్వం చుక్కలూ, సిబ్బందీ సమకూర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, ఏ పిల్లకు కాలు పట్టుతప్పిందని తెలిసినా వెంటనే పరీక్ష చేయించి, క్రిమి ఎక్కడ వుందో కనిపెట్టే ఏర్పాటు చూశారు. రోటరీవారు డబ్బు పోగుచేయడంతో ఆగకుండా తామే వీధుల్లోకి దిగారు. మసీదుల్లో ఇమాములు నమాజు తరవాత చుక్కల రోజు ఎప్పుడో చెప్పారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా, జామియా హమ్‌దర్ద్ వంటి విద్యాసంస్థలు తమ మనుషుల్ని పంపించాయి. సినిమా నటుడు అమితాబ్ బచ్చన్ రేడియోలోనూ, టీవీలోనూ తల్లుల్ని మందలించినట్టు చెప్పాడు. బడిపిల్లలు జట్లుజట్లుగా బయల్దేరి, ఈల వేసుకుంటూ, కేకలేసుకుంటూ ఇంటింటి పసివాళ్ళనూ బూతుకు తీసుకొచ్చేవారు. రైళ్ళల్లో, బస్టాండుల్లో కూడా చుక్కలు వేశారు. ప్రయాణంలో వున్న పిల్ల తప్పిపోకూడదని.

వాళ్ళు పెట్టుకున్న చిన్న పద్ధతి ఒకటి నాకు భలే నచ్చింది. చుక్కలు పడిన పిల్ల చిటికెన వేలిగోటిమీద సిరాగుర్తు పెడతారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడమీద సుద్దతో ‘పి’ అని ఒక అక్షరం. ఒక్క పిల్ల మిగిలిపోయినా ‘ఎక్స్’ అని గుర్తు. మర్నాడు ఆ ‘ఎక్స్’ గుర్తున్న ఇళ్ళకే మళ్ళీ వెళ్తారు. తాళం వేసివుంటే మళ్ళీ. మాట్లాడనంటే వాళ్ళకు కావలసిన ఇంకో మనిషిని వెంటబెట్టుకుని మళ్ళీ. “నూటికి తొంభై ఇళ్ళు అయిపోయాయి, ఇక చాల్లే” అనుకోలేదు. మిగిలిపోయిన ఆ పది ఇళ్ళలోనే జబ్బు దాక్కుంటుందని వాళ్ళకు తెలుసు.

ఇంకో పని చేశారు. ఆ తల్లుల ఫిర్యాదు విన్నారు. ఉత్తరప్రదేశ్, బీహారులలో పోలియో పట్టుకుని వదలని 107 బ్లాకుల్ని ఎంచి, అక్కడ చుక్కలతోబాటు విరేచనాలకు వైద్యం, చేతులు కడుక్కోవడం, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, మిగతా టీకాలు కూడా చూడాలని తీర్మానించారు. “మీ పని మాకు ముఖ్యం, కనక మా పని మీరు చేయండి” అన్నట్టుగా కాకుండా, “మీ పనీ మా పనీ ఒకటే” అన్నట్టు నడిచింది.

ఫలితం చూడండి. 2009లో 741 మంది పిల్లలకు పోలియో వచ్చింది. ఆ యేడు ప్రపంచం మొత్తంమీద వచ్చిన కేసుల్లో ఇంచుమించు సగం మనవే. 2010లో అవి 42కు దిగాయి. 2011లో ఒక్కటే ఒక్కటి. జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో పద్ధెనిమిది నెలల పాపకు వచ్చింది. ఆ పాపకు అంతకుముందు చుక్కలు పడలేదు. ఆ తరవాత మన దేశంలో సహజ పోలియో క్రిమి ఒక్క పిల్లకూ సోకలేదు. 2014 మార్చి 27న మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో లేని ప్రాంతమని ధృవపత్రం ఇచ్చారు.

మనకేం పట్టింది, అది ఉత్తరాది సంగతి అనుకోవద్దు. 2016 జూన్‌లో మన హైదరాబాదులోనే అంబర్‌పేట దగ్గర మురుగునీటిలో, టీకా మందులోనుంచి రూపు మారిన పోలియో క్రిమి ఒకటి కనపడింది. ఏ పిల్లకూ జబ్బు రాలేదు. అయినా ఆ నెలలోనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షలమంది పిల్లలకు పోలియో ఇంజెక్షన్లు వేశారు. ఇంటింటికీ తిరిగింది ఎవరు? మన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్‌ఎంలు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ దేశాల్లో ఆ జబ్బు ఇంకా పోలేదు. కనక మీ ఇంటికి చుక్కలవాళ్ళు వస్తే “ఇంకా ఎందుకమ్మా” అనకండి. ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి పిల్లను తీసుకురండి.

సరే, పోలియోకు టీకా వుంది గనక సరిపోయింది. దోమ జబ్బుల మాటేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

దోమ మలేరియాను మోస్తుందనే రహస్యం బయటపడింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు పిల్లల పుస్తకాల్లో కూడా వుంటుంది. అంతగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నోబెల్ వచ్చిన ఆ 1902లోనే ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. అది సూక్ష్మదర్శిని గురించి కాదు. దోమల్ని పట్టే దళాలను ఎలా కూర్చాలి, వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఏ డబ్బా బోర్లించాలి, ఏ గుంట పూడ్చాలి అన్నదాని గురించి. కనిపెట్టడం ఒక్కడివల్ల అవుతుంది గాని, జబ్బును తరిమేయడానికి మనుషుల జట్టు కావాలని అంత గొప్ప శాస్త్రవేత్తకే తోచిందన్నమాట.

డెంగ్యూ తెచ్చేది వేరే జాతి దోమ. కాళ్ళమీద తెల్లచారలుంటాయి. ఇది పగటిపూట కుడుతుంది. మురుగుకాలవలో పుట్టదు, శుభ్రమైన నీళ్ళే కావాలి దానికి. మన ఇంటి చుట్టూ తిరుగుతుందే గాని, ఎక్కడికో దూరం ఎగిరిపోయే రకం కాదు. గుడ్డునుంచి రెక్కల దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. నీళ్ళ అంచున గోడకు అంటించినట్టు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకని నీళ్ళు పారబోస్తే చాలదు, పీచుపెట్టి గట్టిగా రుద్ది కడగాలి.

ఈ లెక్కలో మనకు రెండు మంచి సంగతులు కనపడతాయి. వారానికొక్కసారి నీళ్ళన్నీ ఖాళీచేసి కడిగితే, ఆ వారం పెట్టిన గుడ్లు దోమలయ్యే లోపలే పోతాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శుక్రవారం ‘డ్రై డే’ అని చెప్పేది ఇందుకే. రెండోది, మన నాలుగు వీధులవాళ్ళం కలిసి ఆ పని చేస్తే, మన పిల్లల్ని కుట్టే దోమల్లో చాలాభాగం పుట్టనే పుట్టవు. చెడ్డ సంగతి కూడా ఒకటుంది. పది ఇళ్ళవాళ్ళు కడిగి, పదకొండో ఇల్లు వదిలేస్తే ఆ ఒక్క ఇల్లే అందరికీ సరిపడా దోమల్ని పుట్టించగలదు.

మా కాలనీలో జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో రెండు వారాల్లో ముగ్గురు పిల్లలకు డెంగ్యూ వచ్చింది. మా వెనకవీధిలో మూడో తరగతి చదివే పిల్లను ఆస్పత్రిలో పెట్టారు. ఆ తల్లి ప్లేట్‌లెట్ల కాగితం పట్టుకుని వరండాలో రాత్రంతా కూర్చుంది. పిల్ల బతికి బయటపడింది. కాని ఆ రాత్రి మా అందరి గుండెల్లోనూ రాయి పడింది.

ఆ ఆదివారం గుడి మండపంలో ఆడవాళ్ళం, మగవాళ్ళం సమావేశమయ్యాం. మొదటి గంటంతా ఫిర్యాదులే. మునిసిపాలిటీవాళ్ళు రారని ఒకరు. ఖాళీ స్థలం ఓనరు వేరే ఊళ్ళో వుంటాడు, పలకడని ఒకరు. పొగమిషను తెప్పించమని ఒకరు. వెనక బస్తీవల్లే ఇదంతా అని మరొకరు. ఎవరి వేలు చూసినా అవతలివాళ్ళవైపే!

మా ప్రాంతపు ఏఎన్‌ఎం, నర్సమ్మ అంటాం ఆవిణ్ణి, ఓ మూల కూర్చుని వింటోంది. ఆవిడ లేచి, “పొగ కొడితే ఎగిరే దోమలు చస్తాయి గాని, నీళ్ళలో వున్నవి చావవు. రేపటికి మళ్ళీ అన్నే లేస్తాయి. నాతో పదిమంది రండి, ఒక్క పూట చూద్దాం” అంది. వెళ్ళాం. ఫ్రిజ్ వెనక నీళ్ళ పళ్ళెంలో, మనీప్లాంటు సీసాలో, ఏసీ కింద పెట్టిన బకెట్లో, మూతలేని మేడమీది ట్యాంకులో, పిట్టల కోసం పెట్టిన మూకుట్లో, పంక్చరు షాపు టైర్లలో, బోండాల బండివాడు పారేసిన చిప్పల్లో, అన్నింట్లోనూ దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ చకచకా కదుల్తున్నాయి. పాలరాయి గచ్చు వేసిన ఇళ్ళల్లోనూ అంతే, రేకుల ఇళ్ళల్లోనూ అంతే. ఆ పూటతో వేళ్ళు చూపించడం ఆగిపోయింది.

తరవాత బస్తీకి వెళ్ళాం. అక్కడ ప్రతి ఇంటిముందూ నీళ్ళ డ్రమ్ములే. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు, “వారానికోసారి ఈ డ్రమ్ములన్నీ బోర్లించండి” అని చెప్పారు. మాలో కొందరి ఇళ్ళల్లో పనిచేసే ఆవిడ అక్కడే వుంది. “మాకు రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయయ్యా నీళ్ళు. ఒకోసారి అదీ రాదు. డ్రమ్ము బోర్లిస్తే మా పిల్లలకు మర్నాడు నీళ్ళెవరు పోస్తారు? మీ పంపు విప్పుతారా?” అంది. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అడిగింది. పెద్దాయన దగ్గర జవాబు లేదు. మా ఎవరి దగ్గరా లేదు.

సోదరీమణులారా, అసలు కలిసి పనిచేయడమనేది అక్కడినుంచే మొదలైంది. అంతవరకూ మేం వాళ్ళకు ‘చెప్పడానికి’ వెళ్ళాం. ఆ మాట తరవాత ‘అడగడం’ మొదలుపెట్టాం. “మరైతే ఏం చేద్దాం?” అంటే ఆవిడే చెప్పింది, డ్రమ్ముకు బిగుతుగా గుడ్డ కడితే దోమ దూరదు, కాని తాడు కట్టిన గుడ్డను పిల్లలు గంటకోసారి విప్పేస్తారు అని. మా కాలనీ ఆడవాళ్ళు పాత నూలుచీరలు ఇచ్చారు. వీధి చివర టైలరు వాటిని గుండ్రంగా కత్తిరించి, చుట్టూ ఎలాస్టిక్కు వేసి టోపీల్లా కుట్టి ఇచ్చాడు, కుట్టుకూలి తీసుకోకుండా. కొత్తనీళ్ళు వచ్చేరోజు అడుగునవున్న నీళ్ళతో డ్రమ్ము రుద్ది కడిగి, అప్పుడు నింపుకోవాలని బస్తీవాళ్ళే నియమం పెట్టుకున్నారు. అంటే ఒక్క చెంబు నీళ్ళు కూడా వృథా కాలేదు.

మరి నీళ్ళ సంగతి? కాలనీవాళ్ళూ బస్తీవాళ్ళూ ఒకే కాగితంమీద సంతకాలు, వేలిముద్రలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఇదివరకు బస్తీవాళ్ళు ఒక్కళ్ళే ఇచ్చిన అర్జీలకు దిక్కు లేదు. ఈసారి నాలుగుసార్లు తిరిగాక కదలిక వచ్చింది. రోజూ నీళ్ళు ఇవ్వలేదు గాని, ఇచ్చే రోజూ వేళా ఖాయంచేశారు. ఖాళీ స్థలంలో చెత్త ఎత్తించారు. గుంటల్లో మందు చల్లే మనిషి వారానికొకసారి వచ్చి, మా నోటుపుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళేవాడు.

ఆ నోటుపుస్తకమే మాకు ఆయువుపట్టు. రెండువందల పేజీల మామూలు పుస్తకం. ఇంటి నంబరు, తారీఖు, దోమపిల్లలు కనపడ్డాయా లేదా, అంతే. ఎవరి పేరూ సమావేశంలో చదివేవాళ్ళం కాదు. పేరు చదివితే మర్నాడు తలుపు తీయరు. మొదటి వారం చాలా ఇళ్ళకు ‘కనపడ్డాయి’ అని పడింది. వానాకాలం చివరికి అటువంటి ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. ఆ యేడు ఇంకా ఇద్దరికి డెంగ్యూ వచ్చింది. మావల్లనే జబ్బు ఆగిపోయిందని ప్రగల్భాలు పలకను. వానలు వెనకపట్టడం కూడా కారణమే అయివుంటుంది. కాని జ్వరం వచ్చిన ఆ ఇద్దరి ఇళ్ళకూ గంటలో పదిమంది వెళ్ళి, చుట్టుపక్కలంతా వెతికారు. ఒక తల్లి ఒంటరిగా కూర్చుని ఏడవవలసిన అవసరం లేకపోయింది. అది మాత్రం నిజం.

మీ వీధిలో కూడా ఇటువంటి జట్టు కూర్చుకోవాలనుకుంటే నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, ఒక్క పని ఎంచుకోండి. దోమలు, చెత్త, కుక్కలు, రోడ్డు దీపాలు అని అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే నెల తిరక్కుండా జట్టు చెదిరిపోతుంది. ఒకటి అయ్యాక ఒకటి.

రెండోది, మొదటి సమావేశానికే అందర్నీ పిలవండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, వార్డు సిబ్బంది, బడి మాష్టారు, మందులషాపాయన, గుడి, మసీదు, చర్చి పెద్దలు, పొదుపు సంఘం ఆడవాళ్ళు, అపార్టుమెంటు వాచ్‌మన్. నిర్ణయాలన్నీ మనం చేసేసి ఆఖర్న వాళ్ళను పిలిస్తే అది జట్టు కాదు, బంట్రోతుల్ని కుదుర్చుకోవడం.

మూడోది, ఎవరికి చేతనైన పని వాళ్ళకు పంచండి. లెక్కలు రాసే ఓపిక ఒకరికుంటుంది, ఆఫీసులో గట్టిగా మాట్లాడే నోరు ఒకరికుంటుంది. పిల్లలకు దోమపిల్లల్ని వెతకడం ఆటలా వుంటుంది. వాళ్ళ కళ్ళకు కనపడినన్ని మనకు కనపడవు.

నాలుగోది, రోజూ వేళా ఖాయంగా పెట్టుకోండి. శుక్రవారం పొద్దున్న మనం ఎలాగూ గడప కడిగి పసుపు రాస్తాం. ఆ చేత్తోనే ఇంకో పది నిమిషాలు ఫ్రిజ్ వెనకా, మేడమీదా చూడవచ్చు.

అయిదోది, తప్పు ఎవరిదని వెతకకండి, నీళ్ళెక్కడున్నాయని వెతకండి.

ఆరోది, లెక్క రాయండి. మనం పని చేశామనిపించుకోవడానికి కాదు, మిగిలిపోయిన ఇల్లు ఏదో తెలియడానికి. ఆఫీసుకు వెళ్ళినప్పుడు కూడా వట్టి నోటిమాటకు లేని బలం ఆ పుస్తకానికి వుంటుంది.

ఇంకో చిన్న హెచ్చరిక. ఈ సీజన్లో జ్వరం వస్తే మీ అంతట మీరు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్‌లాంటి మాత్రలు వేయకండి. డెంగ్యూ అయితే వాటివల్ల రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. పారాసిటమాల్ వయసుకు తగ్గట్టు ఇచ్చి, మంచినీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తరచు తాగిస్తూ డాక్టరుకు చూపించండి. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా వుండకండి. డెంగ్యూలో జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే గండం. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి గాని ముక్కునుంచి గాని రక్తం, పిల్ల మగతగా పడివుండటం, వీటిలో ఏది కనపడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇవన్నీ డాక్టర్లూ, అధికారులూ చూసుకోవలసిన పనులు కావా, మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. వాళ్ళు చూసుకోవలసినవే. వాళ్ళచేత చేయించవలసిందీ మనమే. కాని ఒక్కమాట. ఏ అధికారికీ మన వీధిలో ఏ ఇంటి తలుపు ఎప్పుడు తీసివుంటుందో తెలియదు. ఏ ముసలమ్మ ఒంటరిగా వుంటోందో, ఏ కోడలు అత్తగారు ఒప్పుకుంటేనే పిల్లకు టీకా వేయిస్తుందో తెలియదు. మనకు తెలుసు. ఈ తెలియడమనేది చిన్న విషయమని మనల్ని ఇన్నాళ్ళూ నమ్మించారు. మొరాదాబాద్ వాడల్లో రిజిస్టరు చంకన పెట్టుకుని తిరిగిన ఆ ఆడవాళ్ళకు వున్న పెట్టుబడి అంతా అదే. దాంతోనే వాళ్ళు దేశాన్ని ఒక మహమ్మారినుంచి గట్టెక్కించారు.

వచ్చే శుక్రవారం మీ ఇంటి నీళ్ళు చూసుకున్నాక, కుడివైపు ఇంటి తలుపు ఒకటి, ఎడమవైపు ఇంటి తలుపు ఒకటి తట్టండి. మూడు ఇళ్ళైతే చాలు, మొదలుపెట్టడానికి. నాలుగోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి, “ఏం చేస్తున్నారు వదినా?” అని అడుగుతారు.